ముక్కాలిపీట మీద 390 ఇంజన్

"అన్నా, మా బండి ఎలా ఉందో చెప్పు. 0-100 ఎంతలో కొడుతుంది?"

పోయిన ఆదివారం రాత్రి ఫైనలియర్ మెకానికల్ చదువుతున్న ఒక కుర్రాడు పంపిన మెసేజ్ ఇది. కింద నాలుగు ఫొటోలు. స్క్రాప్‌లో కొన్న ఆటో ముందు ఫోర్కు, ఇనుప పైపులతో చేసిన ఫ్రేము, రెండు బకెట్ సీట్లు, వాటి వెనక కేటీఎం 390 ఇంజన్. ముందు ఒక చక్రం, వెనక రెండు. వెల్డింగ్ నీట్‌గా ఉంది. పెయింట్ ఇంకా పడలేదు. నలుగురు కుర్రాళ్లు బండి చుట్టూ నిలబడి బొటనవేళ్లు చూపిస్తున్నారు.

నిజం చెప్పాలంటే నేను ఇంజన్ వంక చూడలేదు. ఫొటో జూమ్ చేసి రెండే చూశాను. ముందు చక్రం ఎక్కడుంది? సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? చూసాక నా కుడి మోచేతి మీదున్న పాత మచ్చ ఒకసారి తడుముకున్నాను. ఆ కథ తర్వాత చెప్తాను.

ఆ తమ్ముడికి రాసిన జవాబే ఈ వారం కాలమ్. ఎందుకంటే ఇలాంటి బండ్లు ఇప్పుడు రీల్స్‌లో రోజుకొకటి కనిపిస్తున్నాయి. అందరూ అడిగేది హార్స్ పవర్ ఎంత, టాప్ స్పీడ్ ఎంత అనే. మూడు చక్రాల బండికి అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. బరువు ఎక్కడుంది అన్నదే మొదటి ప్రశ్న.

మిస్టర్ బీన్ నీలం కారు

మిస్టర్ బీన్ చూశారా? అతని మినీ కారు దెబ్బకి ప్రతిసారీ ఒక నీలం రంగు మూడు చక్రాల బండి పల్టీ కొడుతుంటుంది. మనం నవ్వుతుంటాం. ఆ బండి బొమ్మ కాదు. రిలయంట్ రీగల్ సూపర్‌వాన్ అని, ఇంగ్లండులో నిజంగా రోడ్ల మీద తిరిగిన బండి. దాని తర్వాత 1973లో అదే కంపెనీ రిలయంట్ రాబిన్ తెచ్చింది. అప్పట్లో అక్కడి రూల్స్ ప్రకారం తేలికపాటి మూడు చక్రాల బండిని మోటార్‌సైకిల్ లైసెన్సు మీదే నడిపే వీలుండేది, పన్ను కూడా తక్కువే ఉండేది. అందుకే బైకు నుంచి కారుకి మారాలనుకునే మామూలు కుటుంబాలు వాటిని కొనుక్కున్నాయి.

2010లో టాప్ గేర్ షోలో జెరెమీ క్లార్క్‌సన్ ఒక రాబిన్ నడుపుతూ ప్రతి మలుపులో బోర్లా పడటం ప్రపంచమంతా చూసింది. యూట్యూబ్‌లో మీరూ చూసే ఉంటారు. తర్వాత 2016లో ఆయనే ఒప్పుకున్నాడు, బండి సులువుగా పడేలా డిఫరెన్షియల్‌ని ముందే మార్పించామని. అంటే మామూలు రాబిన్ మరీ అంత అధ్వాన్నం కాదు. కానీ దాని డిజైన్‌లో ఒక బలహీనత మాత్రం నిజం. చక్రం ఒక్కటే ఉన్నది ముందువైపు, బరువైన ఇంజన్ ఉన్నది కూడా ముందువైపే.

అందులో తప్పేంటి అంటారా? పీట తెచ్చుకోండి.

పీట లెక్క

ముక్కాలిపీట ఎప్పుడూ ఊగదు, గమనించారా? నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్లూ ఆనుకుంటాయి. నాలుగు కాళ్ల కుర్చీ కింద అయితే కాగితం మడిచి పెట్టాలి. కానీ అదే ముక్కాలిపీట మీద రెండు కాళ్ల మధ్య అంచుకి జరిగి కూర్చోండి. పీట లేస్తుంది, మీరు కింద పడతారు.

మూడు చక్రాలు నేలని తాకే చోట్లని గీతలతో కలిపితే త్రిభుజం వస్తుంది. బండి బరువు మొత్తం ఒక్క బిందువు దగ్గర ఉన్నట్టు లెక్కేస్తాం కదా, ఆ గురుత్వ కేంద్రం ఈ త్రిభుజం లోపల ఉన్నంతసేపు బండి నిలబడుతుంది. త్రిభుజం రెండు చక్రాల వైపు వెడల్పుగా, ఒంటి చక్రం వైపు సన్నగా ఉంటుంది. బరువు సన్నటి మూలకి దగ్గరైతే పక్క అంచు కూడా దగ్గరైపోతుంది. మలుపులో బరువు పక్కకి తోసినప్పుడు ఆ కొంచెం దూరం దాటితే చాలు, పల్టీ.

దీన్ని ఒక్క లెక్కలో పెట్టొచ్చు. భయపడకండి, పదో తరగతి లెక్కే. జంట చక్రాల మధ్య దూరంలో సగం తీసుకోండి. బండి మొత్తం బరువులో ఆ జంట మీద ఎంత వాటా పడుతోందో, దానితో గుణించండి. వచ్చినదాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగించండి. అదే మీ బండి పల్టీ హద్దు, 'జీ'ల్లో. భూమి మనల్ని కిందికి లాగే బలం 1 జీ అనుకుంటే, మలుపు మనల్ని పక్కకి తోసే బలం ఈ హద్దు దాటిన క్షణం లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది.

ఇప్పుడు టైరు సంగతి. మామూలు రోడ్డు టైరు పొడి రోడ్డు మీద 0.8 నుంచి 0.9 జీ దాకా పట్టు ఇస్తుంది. ఆ తర్వాత జారుతుంది. కాబట్టి పల్టీ హద్దు టైరు పట్టు కన్నా ఎక్కువగా ఉంటే, బండి ముందు జారుతుంది. తక్కువగా ఉంటే జారేలోపే తిరగబడుతుంది. జారితే డ్రైవర్‌కి ఇంకో అవకాశం ఉంది. తిరగబడితే లేదు. మూడు చక్రాల బండి డిజైన్ మొత్తం ఈ రెండు అంకెల మధ్య పోటీయే.

మేము కట్టిన బండి

ఇప్పుడు మచ్చ కథ. నా ఇంజనీరింగ్‌లో మేం ఐదుగురం ఇలాంటి బండే కట్టాం. ముందు ఒకటి, వెనక రెండు. ఇంజన్ చిన్నదే, 220 సీసీ. సీటు కింద పెట్రోల్ ట్యాంకు, సీటు వెనక ఇంజన్, అన్నీ ఎత్తులోనే. అప్పట్లో ఎత్తు గురించి ఎవడు ఆలోచించాడు? చైను తిన్నగా వచ్చిందా లేదా అన్నదే మా గోల.

వెనక చక్రాల మధ్య దూరం 1.2 మీటర్లు. మనిషి కూర్చున్నాక బరువులో 60 శాతం వెనక, 40 శాతం ముందు. గురుత్వ కేంద్రం ఎత్తు సుమారు 0.6 మీటర్లు. ఈ అంకెలన్నీ బండి పడ్డాక కొలిచినవి. ముందే కొలిచి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

లెక్క వేయండి. 0.6 ని 0.6 తో గుణించి 0.6 తో భాగిస్తే 0.6 జీ. అవే కొలతలతో నాలుగు చక్రాలు ఉండుంటే 1 జీ వచ్చేది. ఒక్క చక్రం తీసేసినందుకు 40 శాతం భద్రత పోయింది. టైరు పట్టు 0.8 ఉంటే, పల్టీ హద్దు 0.6. అంటే మా బండికి జారే యోగమే లేదు.

క్యాంపస్ వెనక రోడ్డులో ఒక మలుపు ఉంది, వ్యాసార్థం 20 మీటర్లు ఉండొచ్చు. 30 కి.మీ. వేగంతో పది రౌండ్లు వేశాం. ఏమీ కాలేదు. పక్కకి తోసే బలం అక్కడ 0.35 జీ మాత్రమే. "సూపర్ స్టేబుల్ రా" అని చప్పట్లు కూడా కొట్టుకున్నాం. మలుపులో ఈ బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. మా బండికి ఆ మలుపులో హద్దు 39 కి.మీ. 30కీ 39కీ మధ్య ఉన్నది ఒక్క చిన్న తిప్పుడు యాక్సిలరేటర్.

పదకొండో రౌండులో ఫ్రెండు నడుపుతున్నాడు, నేను పక్కన వేలాడుతున్నాను. 38 దగ్గర మలుపులోకి వెళ్లాం. ఎదురుగా సైకిల్ వచ్చింది. వాడు కంగారుగా బ్రేక్ నొక్కి, హ్యాండిల్ ఇంకాస్త లోపలికి తిప్పాడు. ఎవడైనా చేసేది అదే. ఎడమ చక్రం లేవడం నాకు కనిపించింది. తర్వాత ఆకాశం కనిపించింది. నాకు మోచేయి చీరుకుపోయింది. వాడికి కాలర్ బోన్ విరిగింది. తలకి హెల్మెట్ ఉంది కాబట్టి ఇవాళ ఫోన్ చేసి నన్ను తిట్టగలుగుతున్నాడు.

సైకిల్ అతను దిగి, మమ్మల్ని లేపి, "ఆటో ఎవరు తోలమన్నారు బాబూ మిమ్మల్ని?" అన్నాడు.

బ్రేకే ఎందుకు పడేసింది?

బ్రేక్ వేస్తే బరువు ముందుకి తోసుకొస్తుందని మనందరికీ తెలుసు. ముందు ఒకే చక్రం ఉన్న బండిలో 'ముందుకి' అంటే సన్నటి మూల వైపుకి. మా బండిలో 0.3 జీ బ్రేక్ వేస్తే వెనక జంట మీద వాటా 60 నుంచి 51 శాతానికి పడిపోతుంది. పల్టీ హద్దు 39 కి.మీ. నుంచి 36కి దిగుతుంది. దానికి తోడు హ్యాండిల్ తిప్పడంతో మలుపు ఇంకా బిగుసుకుంది. రెండూ ఒకేసారి కలిశాయి.

ముందు ఒకటి, వెనక రెండు ఉండే ఈ పద్ధతిని డెల్టా అంటారు. దీని అసలు సమస్య ఇదే. భయపడినప్పుడు మనిషి చేసే పని బ్రేక్ వేయడం. సరిగ్గా ఆ పనికే ఈ బండి బలహీనపడుతుంది.

మరి మన ఆటోలు? అవీ డెల్టాయే కదా, రోజూ లక్షల మంది ఎక్కుతున్నారు కదా అంటారు. కరెక్టే. మామూలు ఆటోలో ఇంజన్ వెనక, ప్యాసింజర్లు వెనక. బరువంతా జంట చక్రాల వైపే. పైగా వేగం తక్కువ. అదే ఆటోలో డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు కూర్చున్నారనుకోండి, ఆ ఇద్దరి బరువూ సన్నటి మూల వైపు చేరింది. స్కూలు టైములో షేర్ ఆటోలు చూస్తే నాకు గుండె ఎందుకు గుభేలుమంటుందో ఇప్పుడు అర్థమైందా? మనుషుల లెక్క ఒక్కటే చూస్తే చాలదు, ఎక్కడ కూర్చున్నారన్నది కూడా చూడాలి.

అమెరికాలో ఇదే పాఠం చాలా ఖరీదుగా నేర్చుకున్నారు. మట్టిలో తిరిగే మూడు చక్రాల ఏటీవీలు 1970ల నుంచి అక్కడ పిల్లల చేతుల్లో కూడా ఉండేవి. లావు టైర్లు, ముందు ఒకటి, వెనక రెండు. ఏళ్లు గడిచేకొద్దీ ఇంజన్లు పెద్దవయ్యాయి, ప్రమాదాలూ పెరిగాయి. చివరికి 1987 ఆఖర్లో ప్రభుత్వంతో కంపెనీలు ఒప్పందానికొచ్చి వాటి అమ్మకం ఆపేశాయి. నాలుగు చక్రాల ఏటీవీలు మిగిలాయి.

తోకకప్ప

ఇప్పుడు బండిని తిప్పి పెడదాం. ముందు రెండు, వెనక ఒకటి. దీన్ని ట్యాడ్‌పోల్ అంటారు, మన తోకకప్పే. పైనుంచి చూస్తే తల వెడల్పు, తోక సన్నం.

బ్రేక్ వేస్తే బరువు ముందుకి, అంటే వెడల్పు వైపుకి వెళ్తుంది. భయపడి బ్రేక్ వేస్తే బండి ఇంకా గట్టిగా నిలబడుతుంది. ముందు చక్రాల మధ్య 1.4 మీటర్లు, బరువులో మూడింట రెండొంతులు వాటి మీద, గురుత్వ కేంద్రం 0.45 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. హద్దు సుమారు 1.04 జీ. టైరు పట్టు కన్నా ఎక్కువ. ఇది జారుతుంది, పడదు.

ఇది కొత్త తెలివేం కాదు. ఇంగ్లండులో హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ తన మొదటి మూడు చక్రాల బండిని 1909లోనే కట్టాడు. 1952 దాకా ఆ కంపెనీ మూడు చక్రాల బండ్లు చేసింది, మళ్లీ 2011లో మొదలుపెట్టింది. 2011 బండిలో వీ-ట్విన్ ఇంజన్ ముందు చక్రాల కన్నా ముందుకి, బయటికి కనిపించేలా వేలాడుతుంది. చూడ్డానికి షో లాగా ఉంటుంది కానీ, బరువుని వెడల్పు వైపు ఉంచే పని కూడా చేస్తుంది. కెనడాలోని కంపానియా టీ-రెక్స్, అమెరికాలో 2014లో వచ్చిన పొలారిస్ స్లింగ్‌షాట్, ఇంగ్లండులో బీఎండబ్ల్యూ బైకు ఇంజన్లతో కట్టే గ్రినాల్ స్కార్పియన్, అన్నీ తోకకప్పలే. పవర్ పెట్టాలనుకున్న ప్రతివాడూ దాదాపు ఇటే వచ్చాడు. వాటిలో కూర్చున్నవాళ్లని చూడండి, చెయ్యి కిందికి చాపితే రోడ్డు తగిలేంత కింద ఉంటారు. అది స్టైల్ కోసం కాదు, ఎత్తు తగ్గించడం కోసం.

తోకకి ఉన్న కష్టం

"అయితే తిప్పేస్తే సరిపోతుందిగా అన్నా?" అంటారు. సగం సరిపోతుంది. మిగతా సగం ఇక్కడ వినండి.

డెల్టాలో ఒక మంచి గుణం ఉంది. ఇంజన్ బలం వెనక రెండు చక్రాలకి వెళ్తుంది, బరువూ అక్కడే. పట్టు బాగుంటుంది. తోకకప్పలో బలమంతా వెనక ఒక్క చక్రానికే వెళ్తుంది. పల్టీ పడకుండా బరువుని ముందుకి జరిపాం కదా, దాంతో ఆ ఒక్క చక్రం మీద మూడో వంతే మిగిలింది. ముందుకి జరిపితే తోకకి పట్టు లేదు. వెనక్కి జరిపితే బండికి నిలకడ లేదు. శక్తిమంతమైన మూడు చక్రాల కారు కట్టేవాడి నిద్ర పోగొట్టేది ఈ తూకమే.

అంకెల్లో చూద్దాం. ఇద్దరు మనుషులతో కలిపి బండి 450 కిలోలు, వెనక చక్రం మీద 150. పొడి రోడ్డు, పట్టు 0.8. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు కొంత బరువు వెనక్కి వస్తుంది, దాన్నీ కలిపితే 40 కి.మీ. వేగం దగ్గర ఆ చక్రం రోడ్డుకి అందించగలిగేది దాదాపు 21 హార్స్ పవర్. మీ ఇంజన్‌లో 43 ఉంది. మిగతాది టైరు పొగ. 80 కి.మీ. దాటాకే మొత్తం వాడగలరు. వాన పడిందనుకోండి, పట్టు 0.4 అనుకుంటే, 40 దగ్గర 10 హార్స్ పవర్ కూడా తీసుకోదు. అంటే ఒక స్కూటర్ ఇంజన్ చాలు.

2022లో వచ్చిన మోర్గాన్ సూపర్ 3 ని చూడండి. దాదాపు 120 హార్స్ పవర్, బరువు సుమారు 635 కిలోలు. 0-100కి కంపెనీ చెప్పే లెక్క 7 సెకన్లు. ఆ బలమంతా ఒక్క టైరు గుండానే రోడ్డుకి చేరాలి మరి. స్లింగ్‌షాట్ కొన్ని మోడళ్లలో వెనక టైరు వెడల్పు 305 మి.మీ. ఉంటుంది. అంత వెడల్పు దేనికో ఇప్పుడు మీకే తెలుసు.

ఇంకో సంగతి. టైరు పట్టు ఒక జేబులో డబ్బు లాంటిది. ముందుకి తోయడానికి ఎంత ఖర్చు పెడితే, పక్కకి జారకుండా ఆపడానికి అంత తక్కువ మిగులుతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే వెనక చక్రం జేబు ఖాళీ. తోక బయటికి తిరుగుతుంది. నాలుగు చక్రాల కారులో వెనక ఇంకో టైరు ఉంటుంది, అప్పు ఇస్తుంది. ఇక్కడ ఇచ్చేవాడు లేడు. అందుకే స్లింగ్‌షాట్ లాంటి బండ్లలో ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ పెడతారు. గరాజ్‌లో కట్టిన బండికి అవన్నీ మీ కుడికాలే.

ఆ ఒంటి చక్రం దారి కూడా మంచిది కాదు. కార్ల నుంచి, లారీల నుంచి ఆయిల్ కారేది లేన్ మధ్యలో. సరిగ్గా అక్కడే మీ వెనక చక్రం నడుస్తుంది. గుంతని రెండు చక్రాల మధ్యకి తీసుకుని తప్పించుకోవడం కారుకి అలవాటు. మూడు చక్రాలకి మూడు దారులు. ముందు తప్పించిన గుంతని వెనక చక్రం వదలదు.

అలాగని వెనక చక్రానికి స్టీరింగ్ ఇద్దామనే అతితెలివి వద్దు. 1933లో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే మహా మేధావి డైమాక్సియన్ కారు కట్టాడు. దాదాపు 6 మీటర్ల పొడవు, ఫోర్డ్ వీ8 ఇంజన్. ముందు రెండు చక్రాలు లాగుతాయి, వెనక ఒక్కటి తిరుగుతుంది. ఉన్నచోటే గిర్రున తిరిగేది, జనం ముక్కున వేలేసుకున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో చికాగోలో ఇంకో కారుతో కూడిన ప్రమాదంలో అది తిరగబడి డ్రైవర్ చనిపోయాడు. వెనక చక్రంతో తిరిగే బండి వేగం పెరిగేకొద్దీ మాట వినడం తగ్గిస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్‌కి అది సరే, కారుకి కాదు.

కట్టే ముందు, నడిపే ముందు

ఇంత చెప్పాక "మానెయ్యండి" అంటానని అనుకోకండి. చేత్తో కడితే వచ్చే చదువు పుస్తకంలో రాదు. కాకపోతే వరసగా చేయండి.

మొదట బరువు. ప్రతి చక్రం కింద తూకం పెట్టి, మనుషుల్ని కూర్చోబెట్టి, మూడు అంకెలు రాసుకోండి. తూకం లేకపోతే వే బ్రిడ్జి దగ్గరికి ట్రాలీలో తీసుకెళ్లి, ముందు చక్రాలు ఒకసారి, మొత్తం బండి ఒకసారి తూయించండి. జంట చక్రాల మీద మూడింట రెండొంతులకి అటూఇటూ ఉంటే మంచి మొదలు.

రెండోది వాలు పరీక్ష. సీట్లలో మనుషుల బదులు ఇసుక బస్తాలు కట్టండి. పైవైపు తాళ్లు కట్టి, పడకుండా పట్టుకోండి. టైర్లు జారకుండా అడ్డం పెట్టి, బండిని గట్టి పలక మీద ఉంచి, పలకని పక్కకి మెల్లగా లేపండి. పైనున్న చక్రం పలకని వదిలే కోణం ఫోన్‌లో లెవెల్ యాప్‌తో చూడండి. 45 డిగ్రీలు వస్తే మీ హద్దు 1 జీ. 31 వస్తే 0.6, అంటే మేము పడ్డ బండి. కనీసం 45 రావాలి. ఎందుకంటే నిజం రోడ్డు మీద సస్పెన్షన్ వాలుతుంది, రాయి తగులుతుంది, హద్దు ఇంకా తగ్గుతుంది.

మూడోది, కోణం తక్కువ వస్తే ఇంజన్‌ని ముట్టుకోకండి. సీటు దించండి, ట్యాంకు దించండి, బ్యాటరీ దించండి, జంట చక్రాలని దూరం జరపండి. ఎత్తులో 5 సెంటీమీటర్లు తగ్గించడం 5 హార్స్ పవర్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

నాలుగోది, ఖాళీ మైదానం, హెల్మెట్, బెల్టు, తల కన్నా ఎత్తున్న రోల్ బార్. ఈ నాలుగూ లేకుండా స్టార్టర్ ముట్టుకోవద్దు. ఇలాంటి బండి పబ్లిక్ రోడ్డు మీదకి రాకూడదు. కంపెనీ నుంచి వచ్చిన బండిని మన ఇష్టానికి మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. అది పక్కన పెట్టినా, మీరు పడితే మీరే పడతారు. సైకిల్ మీద వచ్చే పెద్దాయన ఏం పాపం చేశాడు?

తమ్ముడి జవాబు

ఇదంతా ఆ కుర్రాడికి రాశాను. రెండు రోజులు బ్లూ టిక్కులే. కోపం వచ్చిందేమో అనుకున్నాను. నెలల కష్టం మీద నీళ్లు పోసినట్టే కదా.

నిన్న సాయంత్రం ఒక వీడియో వచ్చింది. చెక్క పలక మీద బండి, సీట్లలో రెండు సిమెంటు సంచుల నిండా ఇసుక, చుట్టూ తాళ్లు పట్టుకున్న కుర్రాళ్లు. ఎవరో ఫోన్ పట్టుకుని డిగ్రీలు పైకి చదువుతున్నాడు. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు. ముప్పై మూడు దగ్గర చక్రం లేచింది. ఒక్కసారి అందరూ నిశ్శబ్దం. వీడియో అక్కడితో ఆగిపోయింది.

కింద మెసేజ్. "0.65 వచ్చింది అన్నా. మొన్న శనివారం దీని మీదే హైవే ఎక్కుదామనుకున్నాం. ఫ్రేము కోసేస్తున్నాం. ముందు రెండు, వెనక ఒకటి. సబ్మిషన్‌కి ఇంకా ఐదు వారాలు ఉంది."

కాసేపాగి ఇంకొకటి. "అవునూ, 0-100 సంగతి మాత్రం నువ్వు చెప్పనే లేదు."

చెప్తాను తమ్ముడూ. తిప్పి కట్టాక, వెనక చక్రం మీద 150 కిలోలు ఉంటే, పొడి నేల మీద, గేర్లు సరిగ్గా పడితే, 10 సెకన్ల చుట్టుపక్కల. మీ కాలేజీ బయట నిలబడ్డ మామూలు హ్యాచ్‌బ్యాక్ కన్నా పెద్ద గొప్పేం కాదు. కానీ వంద నుంచి బ్రేక్ వేసినప్పుడు మూడు చక్రాలూ నేల మీదే ఉంటాయి. ఆ వీడియో తీసి పంపు, వచ్చే నెల కాలమ్ దాని మీదే రాస్తాను.